98 చూపించింది కదా డాక్టర్ గారూ!

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో షుగరు గురించి నాలుగు, మోకాళ్ళ నొప్పుల గురించి ఆరు ఉన్నాయి. వాటిని వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను, పెద్దవాళ్ళు మన్నించాలి. నల్గొండ దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం చదివాక మనసు ఇంక వేరేదాని మీదికి పోలేదు.

ఆమె కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నాడు. మూడో అంతస్తులో గది. ఓ రాత్రి ఒంటిగంట వేళ కింద సెల్లార్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ అంటుకుంది. మంట పెద్దదేం కాదు, పది నిమిషాల్లో ఆర్పేశారట. పొగ మాత్రం మెట్ల మీదుగా పైదాకా పాకింది. పిల్లలంతా లేచి కిందికి పరుగెత్తారు. ఈ అబ్బాయీ దిగాడు. దిగాక సర్టిఫికెట్ల ఫైలు గుర్తొచ్చింది. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా అన్నీ అందులోనే. మళ్ళీ పైకి వెళ్ళి తెచ్చుకున్నాడు.

వచ్చేసరికి ముక్కు చుట్టూ మసి, దగ్గు, గొంతు బొంగురు. వార్డెన్ మంచి మనిషే. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సిమీటరు తెచ్చి వేలికి పెట్టాడు. 98 చూపించింది. 'ఏం కాలేదురా' అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో చల్లటి నీళ్ళిచ్చారు. పక్క హాస్టల్లో స్నేహితుడి మంచం మీద పడుకున్నాడు. తెల్లవారాక తలనొప్పి, వాంతులు. మాట పెగల్లేదు. ఊపిరి తీస్తుంటే పిల్లనగ్రోవి ఊదినట్టు చప్పుడు. ఆటోలో వేసుకుని ఎల్బీనగర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గొంతులోకి గొట్టం వేసి రెండు రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు, అన్నం తింటున్నాడు. ఆ తల్లి అడిగిన ప్రశ్న ఇది: "98 చూపించింది కదా డాక్టర్ గారూ! మరి ఇలా ఎందుకయింది? మావాళ్ళు ఏం తప్పు చేశారు?"

ఎవరూ కావాలని తప్పు చేయలేదమ్మా. ఆ మీటరును నమ్మారు, అంతే. కరోనా మనకు నేర్పిన అలవాటు అది. 95 దాటితే ఇంట్లోనే ఉండండి, తగ్గితే ఆసుపత్రికి రండి అని అప్పట్లో మేమే చెప్పాం. పొగ పీల్చినవాళ్ళ విషయంలో మాత్రం ఆ లెక్క పనికిరాదు.

ఎందుకో చెబుతాను. మీరు ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర షేర్ ఆటోలను చూసే ఉంటారు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ కూడా నాలుగు సీట్ల షేర్ ఆటో లాంటిదే. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్‌ను ఎక్కించుకుంటుంది, మెదడు దగ్గర, గుండె దగ్గర దింపుతుంది. ఏ వస్తువు అయినా సరిగ్గా గాలి అందకుండా కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. హిమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకోవడంలో ఆక్సిజన్ కన్నా దానికి 200 రెట్లకు పైగా బలం. అది ఆటో ఎక్కిందంటే ఓ పట్టాన దిగదు. పక్క సీట్లో కూర్చున్న ఆక్సిజన్‌ను కూడా సులువుగా దిగనివ్వదు. ఆటోలు నిండుగా తిరుగుతూనే ఉంటాయి, మెదడుకు మాత్రం ప్రాణవాయువు అందదు.

వేలికి పెట్టే మీటరు రోడ్డు పక్కన నిలబడి సీట్లు నిండాయా లేదా అని చూసేవాడి లాంటిది. కూర్చున్నది ఎవరో దానికి తెలియదు. ఎర్రటి వెలుగులో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన హిమోగ్లోబిన్ కూడా దానికి ఆక్సిజన్ ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే మనిషి మత్తుగా కూలిపోతున్నా 98, 99 అని చూపించగలదు. అసలు సంగతి తెలియాలంటే ఆసుపత్రిలో రక్తం తీసి, కార్బాక్సీహిమోగ్లోబిన్ ఎంత ఉందో కొలిచే యంత్రంలో చూడాలి. మీటరు తక్కువ చూపిస్తే ప్రమాదం ఉన్నట్టే. ఎక్కువ చూపిస్తే ప్రమాదం లేదని మాత్రం అనుకోవడానికి వీల్లేదు.

అగ్నిప్రమాదం అనగానే మనకు కళ్ళముందు మెదిలేది కాలిన ఒళ్ళు. మన నగరంలో ఈమధ్య జరిగినవి ఒకసారి గుర్తుచేసుకోండి. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ అంటుకుని, పైన ఉన్న లాడ్జిలోకి పొగ ఎక్కి 8 మంది చనిపోయారు. ఆరు నెలలు దాటీ దాటగానే, 2023 మార్చి 16న అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పోయారు. అందరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు, ఉద్యోగం కోసం జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. 2025 మే 18 తెల్లవారుజామున చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో ఒకే కుటుంబానికి చెందిన 17 మంది, అందులో 8 మంది చిన్నపిల్లలు. ఉన్నది ఒక్కటే ఇరుకు మెట్లదారి. ఈ మూడు చోట్లా ఎక్కువమంది ప్రాణం తీసింది పొగే. ఢిల్లీ ఉపహార్ సినిమాహాల్లో 1997 జూన్ 13న 59 మంది చనిపోయిందీ ఎక్కువగా ఊపిరాడకే.

ఎల్బీనగర్ వాళ్ళు మరిచిపోలేనిది ఇంకొకటుంది. 2019 అక్టోబరులో అక్కడి షైన్ పిల్లల ఆసుపత్రి ఐసీయూలో అర్ధరాత్రి దాటాక మంటలు లేచి ఒక పసిబిడ్డ ప్రాణం పోయింది, మరికొందరు పిల్లలు గాయపడ్డారు. పసివాళ్ళు మనకన్నా వేగంగా ఊపిరి తీస్తారు. అదే గదిలో, అదే సమయంలో వాళ్ళ ఒంట్లోకి మనకన్నా త్వరగా విషం చేరుతుంది. పూర్వం ఇంగ్లండు బొగ్గుగనుల్లోకి పసుపుపచ్చ కేనరీ పిట్టల్ని పంజరాల్లో తీసుకెళ్ళేవారు. ఆ సలహా ఇచ్చిన హాల్డేన్ అనే శాస్త్రవేత్త ఈ వాయువును తానే పీల్చి తన మీద ప్రయోగం చేసుకున్న మనిషి. చిన్న ప్రాణి కనుక పిట్ట ముందు సొమ్మసిల్లేది, అది చూసి గని కార్మికులు బయటపడేవారు. మన ఇళ్ళల్లో కూడా పొగ కమ్మితే ముందు మగతగా అయ్యేది చంటిపిల్లలే. కడుపుతో ఉన్నవాళ్ళదీ ఇదే సంగతి. తల్లికి తలనొప్పి మాత్రమే ఉన్నా లోపలి బిడ్డకు ఆక్సిజన్ ఎక్కువగా తగ్గిపోయి ఉండవచ్చు.

ఇప్పుడు ఆ హాస్టల్ రాత్రికి మళ్ళీ వెళ్దాం. ఎవరు ఏం చేసి ఉంటే బాగుండేదో చూద్దాం.

నిద్రలోంచి లేవగానే పొగ వాసన వస్తే తలుపు భళ్ళున తీయకండి. అరచేతి వెనక్కి తిప్పి తలుపును తాకి చూడండి. వేడిగా లేకపోతే కొంచెం తెరిచి చూడండి. మెట్ల మీద పొగ పల్చగా ఉంటే వంగి, అవసరమైతే పాకుతూ దిగిపోవాలి. వేడి పొగ పైకి లేస్తుంది, నేలకు దగ్గరగా గాలి కాస్త మెరుగ్గా ఉంటుంది. లిఫ్టు వద్దు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోమని అందరూ చెబుతారు. చేతికి అందితే కట్టుకోండి, మసి కొంత ఆగుతుంది. విషవాయువు మాత్రం ఆగదు, కాబట్టి గుడ్డ వెతుక్కుంటూ రెండు నిమిషాలు పోగొట్టుకోవద్దు. ఇంట్లో మిగిలిపోయిన ఎన్95 మాస్కుదీ అదే కథ.

మెట్లంతా నల్లటి పొగతో నిండిపోయి ఉంటే అందులోకి దిగకండి. ఆ పొగలో నాలుగైదు ఊపిరులకే కాళ్ళు తడబడతాయి. తలుపు మూసేసి, సందుల్లో తడి దుప్పటి కుక్కి, బయటికి తెరుచుకునే కిటికీ దగ్గరికో బాల్కనీలోకో వెళ్ళి అరవండి, ఫోను లైటు ఊపండి. బాత్రూంలో నీళ్ళున్నాయి కదా అని అందులో దూరేవాళ్ళు ఉంటారు. కిటికీ లేని గది ఏదైనా ఉచ్చే.

ఫోను ఎవరు చేయాలి? ప్రతి ఒక్కరూ 'ఎవరో చేసే ఉంటార్లే' అనుకుంటారు. మీరే చేయండి. మంటలకు 101, అంబులెన్సుకు 108, రెండూ గుర్తురాకపోతే 112. 108 వాళ్ళతో 'పొగ పీల్చినవాళ్ళు ఇంతమంది' అని స్పష్టంగా చెప్పండి, ఆక్సిజన్ సంగతి వాళ్ళు చూసుకుంటారు. 2005లో మన దగ్గర ఈ సర్వీసు మొదలైనప్పుడు చాలామంది దాన్ని రోడ్డు ప్రమాదాలకే అనుకునేవారు. ఇప్పటికీ కాలిన గాయాలు లేకపోతే పిలవడానికి మొహమాటపడే వాళ్ళున్నారు.

బయటికి వచ్చినవాణ్ణి గుంపు మధ్యలో కాకుండా గాలి వీచే చోట కూర్చోబెట్టాలి. సెల్లార్ ముందు, గేటు దగ్గర వద్దు, అక్కడా పొగ ఉంటుంది. కాలర్, బెల్టు వదులు చేయండి. నడిపించకండి, పరుగెత్తనివ్వకండి. ఒళ్ళు కష్టపడితే ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి, అది అసలే తక్కువగా ఉంది. మళ్ళీ లోపలికి మాత్రం ససేమిరా వెళ్ళనివ్వద్దు. ఈ అబ్బాయి విషయంలో ఎక్కువ హాని రెండోసారి మెట్లెక్కినప్పుడే జరిగి ఉంటుందని నా అనుమానం. సర్టిఫికెట్లు కాలిపోతే బోర్డు, యూనివర్సిటీ డూప్లికేట్లు ఇస్తాయి. కొంచెం తిప్పుతారు, అంతే!

నీళ్ళిచ్చారని రాశారు. మంచి మనసుతోనే ఇచ్చారు. మగతగా ఉన్నా, గొంతు బొంగురుపోయినా నోట్లో ఏమీ పోయకూడదు. పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొగ పీల్చినవాళ్ళకు పాలు, అరటిపండు, పచ్చిగుడ్డు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. విషం ఉన్నది రక్తంలో, పొట్టలో కాదు కదా!

స్పృహ లేకుండా ఊపిరి మాత్రం తీస్తుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయినా గొంతుకు అడ్డం పడదు. ఊపిరి లేకపోతే, లేదా ఎక్కిళ్ళలా ఎప్పుడో ఒకసారి తీస్తుంటే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి. ఛాతీ నడిమధ్య రెండు చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, పెద్దవాళ్ళకయితే 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. శిక్షణ ఉన్నవాళ్ళు 30 నొక్కులకు రెండుసార్లు నోటితో గాలి ఊదండి. ఊపిరి అందక ఆగిన గుండెకు ఆ గాలి చాలా ముఖ్యం. ఊదడం రానివాళ్ళు నొక్కడం ఒక్కటే ఆపకుండా చేయండి. కాలిన గాయం ఉంటే 20 నిమిషాలు కుళాయి నీళ్ళు ధారగా పోయండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు వద్దు.

అసలు మందు ఆక్సిజన్. ఎంత తేడానో చూడండి. మామూలు గాలి పీలుస్తూ కూర్చుంటే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి 4 నుంచి 5 గంటలు పడుతుంది. అందుకే 'కాస్త గాలి పీల్చుకుంటే పోతుందిలే' అన్నమాట నిజం కాదు. ముఖానికి బిగుతుగా ఉండి, కింద సంచీ వేలాడే మాస్కుతో నిమిషానికి 10 నుంచి 15 లీటర్ల ఆక్సిజన్ ఇస్తే అదే పని గంట, గంటన్నరలో అవుతుంది. రక్త పరీక్ష వచ్చేదాకా ఆగక్కర్లేదు, పొగ పీల్చాడని తెలియగానే మొదలుపెట్టాల్సిందే. అపార్టుమెంట్లలో చాలామంది దగ్గర కరోనా నాటి కాన్‌సెంట్రేటర్లు మూలన పడి ఉన్నాయి. అవి ఇచ్చే 5 లీటర్లు సరిపోవు, అయినా అంబులెన్సు వచ్చేదాకా ఏమీ లేకపోవడం కన్నా నయం. మంటకు బాగా దూరంగా, సిగరెట్లు లేనిచోట మాత్రమే వాడండి. మీటరు 98 చూపిస్తోంది కదా అని మాస్కు తీసేయబోతే, తీయనివ్వకండి.

ఇక గొంతు సంగతి. వేడి పొగ, మసి గొంతు లోపలి పొరను కాల్చేస్తాయి. అప్పుడే వాపు కనిపించదు, గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంది. ముక్కు వెంట్రుకలు కమిలి ఉండటం, ముక్కులో నోట్లో మసి, నల్లటి కఫం, గొంతు మారడం, ఊపిరితో చప్పుడు రావడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రాత్రి నిద్రపోనివ్వకూడదు, ఆసుపత్రికి వెళ్ళిపోవాలి. వాపు పూర్తిగా మూసుకుపోకముందే గొట్టం వేయడం డాక్టర్‌కు తేలిక. మీ అబ్బాయి గొంతు రాత్రి ఒంటిగంటకే బొంగురుపోయింది. అది తెలిసినవాళ్ళు అక్కడ ఒక్కరున్నా సరిపోయేది.

పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఒక్కటే ఉండదని కూడా చెప్పాలి. హాస్టల్ పరుపుల్లో ఫోము, సోఫాలు, నైలాన్ కర్టెన్లు, ఉన్ని, పట్టు కాలితే సైనైడ్ వాయువు కూడా పుడుతుంది. దానికి విరుగుడు ఇంజక్షన్లున్నాయి, అవి ఆసుపత్రి పని. మీరు చేయాల్సింది ఏం కాలిందో డాక్టర్‌కు చెప్పడం. స్కూటర్ బ్యాటరీయా, పరుపా, బట్టల గోడౌనా? ఎంతసేపు పొగలో ఉన్నాడు, మూసిన గదిలోనా, స్పృహ తప్పాడా? కంగారులో వెంట వచ్చినవాళ్ళు ఈ నాలుగు మాటలూ చెప్పరు, ఆసుపత్రిలో మేం అడిగేవి సరిగ్గా ఇవే.

అన్నట్టు, మంటే లేకుండా ఇదే విషం ఇంట్లో పుట్టే సందర్భాలున్నాయి. చలికాలం తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకోవడం, గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజరు, కరెంటు పోయినప్పుడు షట్టరు దించి లోపల నడిపే జనరేటరు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం వస్తే తిన్నదాని మీదికి పోకుండా ముందు కిటికీలు తీసి అందరూ బయటికి రండి. దీని గురించి ఇంకోసారి వివరంగా రాస్తాను.

అమ్మా, మీ అబ్బాయి ఇప్పుడు బాగున్నాడని రాశారు, సంతోషం. ఇంకో నెలా నెలన్నర మాత్రం అతన్ని గమనిస్తూ ఉండండి. కార్బన్ మోనాక్సైడ్ బాగా ఎక్కినవాళ్ళలో కొందరికి అంతా నయమైందనుకున్నాక, కొన్ని రోజులకో వారాలకో మతిమరుపు, చిరాకు, నడకలో తడబాటు రావచ్చు. చదివింది గుర్తుండటం లేదంటే బద్ధకమని తిట్టకండి, నరాల డాక్టర్‌కు చూపించండి. సిగరెట్ అలవాటుంటే మానిపించండి.

మళ్ళీ హాస్టల్‌కు పంపవచ్చా అని చివర్లో అడిగారు. దగ్గు తగ్గి, డాక్టర్ సరేనన్నాక పంపండి. ఈసారి మీరూ వెంట వెళ్ళండి. ఫీజు కట్టే ముందు మూడో అంతస్తు దాకా మెట్లెక్కి చూడండి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట సందుల్లో చాలా భవనాలకు ఒక్కటే మెట్లదారి ఉంటుంది. కరెంటు మీటర్లన్నీ ఆ మెట్ల కిందే, బండ్లూ అక్కడే, రాత్రిళ్ళు బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టేదీ అక్కడే. పైన టెర్రస్ తలుపుకు తాళం ఉందా? తాళంచెవి రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుంది? గది కిటికీకి గ్రిల్ ఉంటే అందులో తెరుచుకునే తలుపు ఉందా? వార్డెన్‌ను ఈ మూడూ అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఫీజు కట్టేది మీరే కదా.